బాగుపడని మణికట్టు

1982 ఫిబ్రవరి 12, శుక్రవారం, సాయంత్రం ఆరున్నర. సరోజినీ నగర్‌లో మా క్వార్టరు ముందు గది. ఉపవాస ప్రార్థన కూటం. హాజరైనవారు: పాస్టరుగారు, నాన్న, అమ్మ, కమలాంటీ, ఆమె భర్త దానియేలు అంకుల్, అద్దె గదిలో ఉండి సివిల్ సర్వీసు పరీక్షకు చదువుకుంటున్న మన సంఘపు తమ్ముళ్లు ఇద్దరు, నేను. మొత్తం ఎనిమిదిమంది.

సహోదరీ సహోదరులారా, ఇది నా పాత డైరీలోని పేజీ, ఒక్క అక్షరం మార్చకుండా ఎత్తి రాశాను. ఆ పేజీ అడుగున ఇంకో వాక్యం ఉంది: "ప్రభువు ఈ రోజు నా ఎడమ మణికట్టును పూర్తిగా బాగుచేశాడు, స్తోత్రం." పదమూడో ఏట నుంచి నేటివరకు డైరీ రాయని రోజు నాకు లేదు, వాటిలో తెలియక రాసిన తప్పులు చాలానే ఉంటాయి గాని తెలిసి రాసిన అబద్ధం మాత్రం అదొక్కటే. ఆ అబద్ధపు గోతిలో నేను మూడు వారాలు పడివున్నాను, నాతోపాటు ఇంకొక మనిషిని కూడా లాక్కున్నాను! అందులోంచి దేవుడు నన్ను ఎలా పైకి తీశాడో రాయమని మన సంఘ పత్రికవారు ఎన్నో ఏళ్లుగా అడుగుతుంటే, ఉద్యోగం ఉందని, మోకాళ్ల నొప్పులని దాటవేస్తూ వచ్చాను. ఇప్పుడు ఉద్యోగ విరమణ అయింది, ద్వారకలో మా బాల్కనీలో ఎండ పడే చోట కుర్చీ వేసుకుని, పాత డైరీలు ఒళ్లో పెట్టుకుని రాస్తున్నాను.

ఆదివారం బడిలో నన్ను రూతు ఆంటీ అని పిలిచే పిల్లలకు, ఈ ఆంటీ ఒకప్పుడు మన దేశపు మహిళా ఫుట్‌బాల్ జట్టులో గోల్‌కీపరు అంటే నవ్వొస్తుంది, నవ్వనివ్వండి, ఆ రోజుల్లోనూ చాలామంది నవ్వారు. మా నాన్న తెనాలి ప్రాంతం నుంచి ఢిల్లీ వచ్చి కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో క్లర్కుగా చేరారు. మా క్వార్టర్ల వెనక మైదానంలో మగపిల్లలు ఆడుకుంటూ ఉండగా ఒకరోజు ఒక మనిషి తక్కువై, నన్ను పిలిచి రెండు ఇటుకల మధ్య నిలబెట్టి "తూ బస్ ఖడీ రహ్" అన్నారు, నువ్వు ఊరికే నిలబడు చాలు అని. ఊరికే నిలబడటం నాకు చేతకాలేదు. ఆ సాయంత్రం మోచేతులు రెండూ చెక్కుకుపోయి ఇంటికి వస్తే అమ్మ తిట్టలేదు, పాత బొంతలోంచి దూది తీసి నా చొక్కా మోచేతుల దగ్గర కుట్టింది.

డెబ్బైల మధ్యలో ఆడపిల్లల ఫుట్‌బాల్ మన దేశంలో అప్పుడప్పుడే మొదలవుతోంది. మా బడిలో ఆటల టీచరు నన్ను ఢిల్లీ జట్టు ఎంపికకు తీసుకెళ్లారు, అక్కడి నుంచి జాతీయ శిబిరానికి వెళ్లాను. ఎంత బాగుండేవండీ ఆ రోజులు! శిబిరమంటే సెలవుల్లో ఏదో ఒక బడి, బల్లలు రెండు కలిపితే మంచం, పొద్దున నానబెట్టిన శనగలు, బెల్లం ముక్క. నా బూట్లు మగపిల్లల సైజువి, ముందు కాగితం కుక్కితే గాని కాలికి ఆగేవి కావు. గోల్‌కీపరు చేతితొడుగులు దొరికేవి కావు, సరోజినీ నగర్ బజారులో ఉన్ని తొడుగులు కొనుక్కుని, ఆటకు ముందు నీళ్లలో ముంచి పిండి వేసుకుంటే బంతి చేతికి అతుక్కునేది. జనవరి పొద్దుల్లో ఆ తడి తొడుగుల చలి ఇప్పుడు తలుచుకున్నా వేళ్లు కొంకర్లు పోతాయి, కానీ ఆ చలి మళ్లీ ఒక్కసారి దొరికితే బాగుండుననిపిస్తుంది.

నా మొదటి అంతర్జాతీయ ఆట మన దేశానికి వచ్చిన ఒక విదేశీ జట్టుతో. నాకిచ్చిన చొక్కా మోకాళ్ల దాకా వచ్చేది, వీపు మీద అంకె అమ్మే కుట్టింది. జాతీయ గీతం పాడుతున్నప్పుడు నా ప్రార్థన ఒక్కటే, "ప్రభువా, సిగ్గుపరచకు." నాలుగు గోల్స్ పడ్డాయి. ఆట అయ్యాక కోచ్ సాబ్ నా తల మీద చెయ్యి వేసి, "చార్ ఖాయే, పర్ భాగీ నహీ" అన్నారు, నాలుగు పడినా పారిపోలేదని. ఆ సాయంత్రం డైరీలో గోల్ పోస్టు బొమ్మ గీసి, బంతి ఎక్కడెక్కడినుంచి దూరిందో నాలుగు చుక్కలు పెట్టుకున్నాను. అది నా పద్ధతి. ప్రతి ఆటకూ ఒక బొమ్మ, ప్రతి గోలుకూ ఒక చుక్క, చుక్క పక్కన తప్పు నాదైతే "నా" అని రాసేదాన్ని. తర్వాత రెండు పర్యటనలు, పడవంత విమానాల్లో మొదటిసారి కూర్చోవడం, అన్నం కోసం వెతుక్కోవడం, గెలిచిన రోజు భాష రాని ఊళ్లో మేమంతా రోడ్డు మీద పాడుకుంటూ నడవడం, ఆ పేజీలు చదువుతుంటే ఈ బాల్కనీలో కూర్చున్నట్టే ఉండదు నాకు.

ఇక ఆ చీకటి కాలం. 1982 జనవరిలో రాష్ట్రాల మధ్య పోటీలో బంతి పోస్టుకు ఆనుకుని లోపలికి వెళ్తోంది, నేను ఎగిరాను, బంతి ఆగింది, నా ఎడమ మణికట్టు ఇనప పోస్టుకు తగిలింది. ఆ రోజు చుక్క లేదు. కానీ తెల్లారేసరికి చెయ్యి ఉబ్బి, పళ్లెం కూడా ఎత్తలేకపోయాను. డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. ఎందుకంటే వెళితే ఎక్స్‌రే తీస్తాడు, తీస్తే కట్టు వేస్తాడు, కట్టు వేస్తే మార్చిలో జరిగే విదేశీ పర్యటన పోతుంది! టికెట్లు తక్కువ, ఇద్దరు గోల్‌కీపర్లం ఉన్నా ఈసారి ఒక్కరినే తీసుకెళ్తామన్నారు. రెండో అమ్మాయి లతిక, నాకన్నా నాలుగేళ్లు చిన్నది, మంచి పిల్ల, బాగా ఎగిరేది. నేను వదిలిన చోటు మళ్లీ నాకు దొరకదనుకున్నాను. మందుల దుకాణంలో నొప్పి మాత్రలు కొన్నాను. మొదట రోజుకు రెండు, పది రోజులకు నాలుగు, నెల తిరిగేసరికి ఆరు. కడుపు మంట, చేతుల వణుకు, మాత్ర వేళ దాటితే చిరాకు, అమ్మ మీద కేకలు. మాత్రల డబ్బా బూటులో కుక్కి దాచేదాన్ని. సహోదరులారా, సారా తాగేవాడిని వీధి వీధంతా గుర్తుపడుతుంది, నా వ్యసనం మాత్రం ఎవరి కంటా పడలేదు!

మన ఇళ్లలో జరిగే కూటాల పద్ధతి మీకు తెలుసు, ప్రార్థన మనవులు చీటీల మీద రాసి ఇస్తాం. నేను "మణికట్టు నొప్పి" అని మాత్రం రాశాను. దాని కోసం ఆ శుక్రవారం ఎనిమిదిమందీ ఉపవాసముండాలని పాస్టరుగారు చెప్పారు. పొద్దుటినుంచి నేనూ ఏమీ తినలేదు, కానీ శిబిరం నుంచి బస్సులో వస్తూ ఐదు గంటలకు మూడు మాత్రలు మింగాను. ఆ ఏడాది ఏషియాడ్ క్రీడల కోసం ఢిల్లీ అంతా తవ్వేసి ఉంది, బస్సు చుట్టూ తిరిగి ఎగిరి పడుతూ వచ్చినా చెయ్యి నొప్పి తెలియలేదు. ఆరున్నరకు పాస్టరుగారు నా మణికట్టు పట్టుకుని కన్నీళ్లతో ప్రార్థించి, "అమ్మా రూతూ, ఇప్పుడు నొప్పి ఉందా?" అని అడిగారు.

"లేదండీ," అన్నాను. ఆ క్షణానికి అది నిజమే! ఆ నిజం వెనక్కి దాక్కున్నాను.

"లేచి దేవుణ్ణి మహిమపరచమ్మా," అన్నారాయన.

లేచాను. సాక్ష్యం చెప్పాను. ఇప్పుడు నేను రాస్తున్నట్టే, ప్రభువు నన్ను ముట్టాడని, చెయ్యి తేలికైపోయిందని, ఆయనకు అసాధ్యమైనది లేదని చెప్పాను. నాన్న ఏడ్చారు. కమలాంటీ వచ్చి నన్ను గట్టిగా వాటేసుకుని, "ఓసి నా తల్లీ, నా కళ్లతో చూశానే, నా కళ్లతో చూశాను!" అంది. ఆంటీకి అప్పటికి ఆరేళ్లుగా గుండె జబ్బు, పాదాలు ఉబ్బేవి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం వచ్చేది, రోజుకు మూడు మాత్రలు వేసుకుంటేనే వంట చేసుకోగలిగేది. ఆమె నన్ను వదిలి తన సంచి సర్దుకుంటూ, "నీ చెయ్యి ముట్టినవాడు నా గుండె ముట్టడా?" అనుకుంటూ వెళ్లిపోయింది. ఆ మాట విన్నాను. దాని అర్థం నాకు పట్టలేదు, నా పర్యటన గొడవలో నేనున్నాను.

మూడు వారాలు శిబిరంలో ఎలా నెట్టుకొచ్చానో చెబుతాను. గోల్‌కీపరు బంతిని రెండు చేతులతో పట్టాలి. నాకు ఎడమ చెయ్యి మడవదు, అందుకని పైనుంచి వచ్చే బంతినల్లా పట్టకుండా కుడి పిడికిలితో గుద్ది దూరంగా పంపేదాన్ని. కోచ్ సాబ్ అదేదో కొత్త విద్య అనుకున్నారు, "వాహ్, పంచ్ దేఖో ఇస్కా!" అని, దీని గుద్దు చూడండంటూ మిగతావాళ్లను పిలిచి మరీ చూపించేవారు. లతికకు మాత్రం అనుమానం వచ్చింది. ఒకరోజు నల్లా దగ్గర బూట్లు కడుక్కుంటూ మెల్లగా అడిగింది.

"దీదీ, మీరు బంతి పట్టడం ఎందుకు మానేశారు?"

"నువ్వు నీ ఆట చూసుకో," అన్నాను.

"చూసుకుంటున్నా దీదీ. ఆజ్ తో ఆప్‌నే గేంద్ ఉఠాయీ భీ ఏక్ హాథ్ సే." ఈరోజు కిందపడ్డ బంతి కూడా ఒక్క చేత్తోనే తీశారని.

ఆ పిల్లకు తెలిసిపోయింది. అయినా కోచ్ సాబ్‌కు చెప్పలేదు. చెబితే ఆ చోటు తనకే వస్తుంది, అయినా చెప్పలేదు! అది చూసైనా నాకు బుద్ధి రాలేదు. ఇంటికి వచ్చి డైరీలో అదే అబద్ధాన్ని మళ్లీ మళ్లీ "చెయ్యి బాగుంది" అని రాసేదాన్ని, మనుషులకు చెప్పింది చాలక కాగితానికి కూడా.

మార్చి 5, మళ్లీ శుక్రవారం కూటం. ఈసారి హాజరు ఏడుగురు. కమలాంటీ లేదు. దానియేలు అంకుల్ ఒక్కరే వచ్చి, గోడకు ఆనుకుని కూర్చుని, చెప్పడం మొదలుపెట్టారు. మూడు వారాలుగా ఆంటీ మాత్రలు మానేసిందట, ఆయనకు తెలియకుండా కుండీలోని మట్టిలో పూడ్చేస్తోందట. బుధవారం స్నానాల గదిలో పడిపోయింది. పెద్దాసుపత్రిలో చేర్చారు. స్పృహ లేనప్పుడు సూదులు వేశారు, తెలివి వచ్చాక ఇక సూదీ వద్దు, మాత్రా వద్దు అంటోంది.

"నేను బతిమాలాను, డాక్టరుగారు కేకలేశారు," అన్నారు అంకుల్. "వింటుందా? రూతు చెయ్యి చూశాను, నేను నమ్మకం పోగొట్టుకోను అంటోంది. ఇలాగే ఉంటే రెండు రోజులు కూడా నిలవదన్నారు."

పాస్టరుగారు మోకరించారు, అందరూ మోకరించారు, ఆంటీ కోసం ప్రార్థన మొదలైంది. నా నోట్లోంచి మాట రావడం లేదు. నేనెలా ప్రార్థించాలి? ఏ దేవుణ్ణి అడిగి ఆమె గుండెను నిలబెట్టమనాలి, ఏ దేవుణ్ణి అడిగి నా టికెట్టును కాపాడమనాలి? అప్పుడు నేను చేసిన ప్రార్థన నాకు ఇప్పటికీ అక్షరాలా గుర్తుంది: "ప్రభువా, నా చెయ్యి వద్దు, బాగుచేయకు. ఈ నోరు తెరిపించు. ఇప్పుడే తెరిపించు, ఈ 'ఆమేన్' అయిపోతే నేను మళ్లీ మూసేస్తాను!"

సహోదరులారా, తెరిపించాడు! పాస్టరుగారి ప్రార్థన మధ్యలోనే, "అబద్ధమండీ" అని అరిచేశాను. కళ్లు తెరిచిన ఆ ఆరుగురి ముందు మాత్రల డబ్బా తెచ్చి పెట్టాను, చొక్కా చెయ్యి కింద దాచుకున్న మణికట్టు గుడ్డ విప్పి చూపించాను. అమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. నాన్న తల దించుకుని, "ఇదే గదిలో నిలబడి చెప్పావు కదమ్మా," అన్నారు, అంతే. పాస్టరుగారు ఆ డబ్బా చేతిలోకి తీసుకుని, "నొప్పి ఉందా అని అడిగాను గాని, మందు వేసుకున్నావా అని అడగలేదు, నా తొందర కూడా ఇందులో ఉంది," అన్నారు. అంత పెద్ద మనసు నేను మళ్లీ చూడలేదు.

అంకుల్ నన్ను తిట్టలేదు. లేచి చెప్పులు వేసుకుంటూ, "వార్డు పొద్దున ఏడింటికి తెరుస్తారు. నేను చెబితే నమ్మదు. నువ్వే వచ్చి చెప్పాలి," అన్నారు.

ఆ మర్నాడు శనివారం, పొద్దున ఏడింటికే శిబిరంలో ఆఖరి పరీక్ష ఆట. రాని వాళ్లు లెక్కలోంచి పోయినట్టే అని కోచ్ సాబ్ ముందే చెప్పారు. ఫోను చేద్దామంటే మైదానంలో ఫోను లేదు. ఏడు గంటలకు నేను ఒక్క చోటే ఉండగలను.

ఆ తర్వాత జరిగినవి ముందే చెప్పేస్తాను. ఆ పర్యటనకు లతిక వెళ్లింది, బాగా ఆడింది, అక్కడినుంచి నాకు కార్డు రాసింది, అది ఆ ఏటి డైరీలో అంటించి ఉంది. కోచ్ సాబ్ ఆదివారం సాయంత్రం మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. నేను అంతా చెబితే నుదురు కొట్టుకుని, "పాగల్ లడకీ! నీ పంచ్ గురించి ఊరంతా చెప్పుకున్నానే నేను!" అన్నారు, అమ్మ చేసిన ఉప్మా తిన్నారు, వెళ్లేటప్పుడు, "చెయ్యి అతికాక రా. లేచి రావడం తెలిసినదానివే కదా నువ్వు," అన్నారు. మాత్రలు మానడం మాటలంత తేలిక కాలేదు, మొదటి పది రోజులు వణుకు, వాంతులు, ఏడుపు. ఆ పది రోజులూ అమ్మ నా పక్కనే పడుకుని కీర్తనలు పాడింది. ప్రభువు ఆ కోరికను నాలోంచి వేళ్లతో సహా పీకేశాడు, ఆ రోజునుంచి డాక్టరు చెప్పని మాత్ర నా నాలుక మీద పడలేదు. మరుసటి ఏడాది మళ్లీ దేశం తరఫున నిలబడ్డాను, 1986 దాకా ఆడాను, కొన్ని ఆటల్లో నేను, కొన్ని ఆటల్లో లతిక. మణికట్టు మాత్రం పూర్తిగా మడవదు, ఈ రోజుకీ చపాతీ పిండి కుడిచేత్తోనే పిసుకుతాను. దేవుడు దాన్ని అలాగే ఉంచాడు. బాగుచేసినది నా నోటిని!

మీలో ఎవరైనా సగం నిజాన్ని సాక్ష్యంగా చెప్పుకుని, దాన్ని మోయలేక కుంగిపోతూ ఉంటే, నా వృద్ధాప్యపు మాట ఒక్కటి వినండి. దేవునికి మన గొప్ప కథలు అక్కరలేదు. నొప్పి ఉంటే ఉందని చెప్పండి, మందు వేసుకుంటే వేసుకున్నానని చెప్పండి, ఆయన మందుల్లోంచీ పని చేస్తాడు, డాక్టర్ల చేతుల్లోంచీ పని చేస్తాడు. నిజం చెప్పి చేతులు చాచినవాళ్లను ఆయన ఎన్నడూ తోసివేయలేదు, నన్నే తోసివేయలేదు! ఆయన దగ్గరికి ఉన్నది ఉన్నట్టుగా రండి. స్తుతి ఆయనకే చెల్లాలి.

ఇక మార్చి 6, శనివారం ఉదయం సంగతితో ముగిస్తాను.

వార్డు తలుపు తెరవగానే అంకుల్ వెంట లోపలికి వెళ్లాను. ఆంటీ మూడు దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది, పెదాలు నల్లబడ్డాయి, పాదాలు దుప్పటి కింద దిమ్మల్లా ఉన్నాయి. పక్కన కేరళ నర్సు చిన్న మూతలో మూడు మాత్రలు పట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూడగానే ఆంటీ మొహం వెలిగిపోయింది.

"వచ్చావా తల్లీ! ఈ సిస్టరుకి నీ చెయ్యి చూపించు. చెబితే నమ్మడం లేదు ఈ పిల్ల!"

చూపించాను. గుడ్డ లేకుండా, వాచి కమిలిపోయిన మణికట్టును ఆమె ఒళ్లో పెట్టాను. "బాగవలేదు ఆంటీ. ఆ రోజు మూడు మాత్రలు మింగి వచ్చి కూటంలో కూర్చున్నాను. అబద్ధం చెప్పాను."

ఆంటీ వేలితో వాపు మీద నొక్కింది. నేను మూలిగాను. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆయాసపడుతూ, ఆగి ఆగి అడిగింది.

"మరి నేను నమ్మింది ఎవరినే? దేవుణ్ణా, నీ చేతినా?"

అంకుల్ కిటికీ వైపు తిరిగిపోయారు.

"ఇవాళ నీ ఆట ఉందని ఆ కూటం రోజు అన్నావే. ఎన్నింటికి?"

"ఏడింటికి ఆంటీ."

"ఇప్పుడెంత?"

గోడ మీద గడియారం చూసి, "ఏడూ పదిహేను," అన్నాను.

ఆంటీ కూడా తల తిప్పి ఆ గడియారాన్ని చూసింది. తర్వాత నర్సు వైపు చెయ్యి చాపి, "లావో సిస్టర్," అంది. మూడు మాత్రలూ ఒకదాని తర్వాత ఒకటి, ప్రతిసారీ కళ్లు మూసుకుని పెదాలు కదిపి, నీళ్లతో మింగింది. ఆ నీళ్లు తాగిన చేత్తోనే తన దిండు మీది తువ్వాలు లాగి, నా మణికట్టుకు రెండు చుట్లు చుట్టి, ముడి వేస్తూ నర్సుతో అంది:

"ఇస్కా భీ ఎక్స్‌రే కరా దో, దీని చేతికీ తీయించండి. దీన్ని ఒంటరిగా పంపకండి, దారిలో ఎక్కడైనా దాక్కుంటుంది."

నర్సు నవ్వింది, అంకుల్ కిటికీ దగ్గరినుంచి ఇటు తిరిగారు, నేను ఆ తువ్వాలు చేతితో ఎక్స్‌రే గది ముందు వరుసలో వెళ్లి నిలబడ్డాను.